అక్క తరఫున

నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది. ఆ సంగతి కోర్టులో బంట్రోతు దగ్గర్నుంచి జడ్జిగారి దాకా అందరికీ తెలుసు. ఈసారి ఆ కోపం పన్నెండేళ్ల పిల్ల మీద పడింది. తర్వాత తెలిసి నన్ను తిట్టుకోవడం కంటే, ముందే చెప్పేస్తున్నాను, ఇప్పుడే తిట్టుకోండి.

నా పని ఇదీ. తల్లీ తండ్రీ విడిపోయి, పిల్లలు నాకంటే నాకని కోర్టుకెక్కితే ఇద్దరికీ చెరో వకీలూ ఉంటారు. ఎవరి కోసం ఆ కొట్లాటంతా జరుగుతుందో వాళ్ల తరఫున మాట్లాడే దిక్కు ఉండదు. అందుకని కోర్టు నాలాంటివాళ్లను పిల్లల ప్రతినిధిగా వేస్తుంది. నేను రెండిళ్లకీ వెళ్తాను. వంటిల్లు చూస్తాను, మంచాలు చూస్తాను, పళ్లు తోముకునే బ్రష్షు ఎవరి చేతికి అందే ఎత్తులో పెట్టారో చూస్తాను. పిల్లలతో విడిగా కూర్చుంటాను. చివరికి నివేదిక రాస్తాను. అందులో మొదటి భాగం పిల్లలు ఏమన్నారో వాళ్ల మాటల్లోనే ఉండాలి. వాళ్లకు ఏది మంచిదని నాకు తోచిందో అది రెండో భాగం. పద్దెనిమిదేళ్లుగా ఇదే పని. నేను నోరు తెరిచేలోపే మా టైపిస్టుగారు సగం నివేదిక కొట్టేస్తారు.

అందులో ఒక వాక్యమైతే ఆయనకు కంఠతా వచ్చు. ‘తోబుట్టువులను విడదీయరాదు.’ దాని కోసం నేను పడని తగువు లేదు. చెరొకర్ని తీసుకుంటామని వచ్చిన ఓ జంటను, "పిల్లలేమన్నా గిన్నెలా, చెంబులా, పంచుకోవడానికి?" అని వరండాలోనే కడిగిపారేశాను. అప్పుడప్పుడూ కొత్త వకీళ్లు ఆ వాక్యాన్ని నా పేరు చెప్పి మరీ వాడుతుంటే, లోపల్లోపల మురిసిపోయేదాన్ని కూడా.

ఈ కేసులో ఆ బాధే లేదు. తల్లి ఆస్పత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది, షిఫ్టు వారం వారం మారుతుంటుంది. తండ్రి లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఇద్దరాడపిల్లలు, పెద్దదానికి పన్నెండు, చిన్నదానికి అయిదు. తల్లికీ ఇద్దరూ కావాలి, తండ్రికీ ఇద్దరూ కావాలి. పిల్లలు కలిసే ఉండాలన్న దాంట్లో పేచీ లేదు, ఎక్కడ ఉండాలన్నదే పేచీ. హమ్మయ్య, సులువుగా తేలిపోతుందిలే అనుకున్నాను.

రెండు పిటిషన్లకీ ఒకటే ఫొటో జతచేశారు. చిన్నదాని మోచేతి కింద ఇస్త్రీపెట్టె కాలిన మచ్చ. ఆ రోజు మధ్యాహ్నం రెండింటికి తల్లి డ్యూటీకి వెళ్లిపోయింది. నాలుగింటికి వచ్చి పిల్లల్ని తీసుకెళ్లాల్సిన తండ్రి, ఎక్కడో లిఫ్టు ఆగిపోయిందని ఆరింటికి వచ్చాడు. ఈలోగా చెయ్యి కాలింది. నువ్వు ముందే వెళ్లిపోయావని ఆయన, నువ్వు ఆలస్యంగా వచ్చావని ఈవిడ, ఇరవై పేజీలు ఒకర్నొకరు దుమ్మెత్తిపోసుకున్నారు.

మొదట తల్లి ఇంటికి వెళ్లాను. మూడో అంతస్తు, రెండు గదులు. తలుపు తీసింది పెద్దది. చంకలో చిన్నది. అయిదేళ్ల పిల్ల, కాళ్లు నేలకి తగులుతున్నాయంటే నమ్మండి, అయినా దిగదు.

"రండి ఆంటీ. అమ్మ ఇప్పుడే వచ్చింది, మొహం కడుక్కుంటోంది. కూర్చోండి, అక్కడొద్దు, అక్కడ ఇది పాలు ఒలకబోసింది," అంది.

తల్లి వచ్చి కూర్చుంది. కళ్లు లోపలికి పోయి ఉన్నాయి, నిద్ర లేని మనిషి. నేనేం అడిగినా చెబుతోంది గానీ, మధ్యమధ్యలో తల తిప్పి, "అక్కా, దాని నోట్లో ఏదో ఉంది చూడు," "అక్కా, దీనికి డాక్టరు ఇచ్చిన చుక్కల మందు ఎప్పటిదాకా వెయ్యమన్నాడే?" అని పెద్దదాన్ని అడుగుతోంది. చిన్నదానికి అక్క కాబట్టి ఇంట్లో అందరికీ అక్కే అయిపోయింది. ఆ పిల్ల అన్నింటికీ ఠక్కున జవాబు చెప్పింది. కదులుతున్న పన్ను ఏదో, ఏ చెప్పు కరుస్తుందో, ఏ పాట పాడితే అన్నం తింటుందో, అన్నీ దానికి నోటికి వచ్చు. చిన్నదాని జడ వేస్తూనే ఎక్కాలు అప్పజెప్పించుకుంటోంది. నాకు చూడముచ్చటేసింది.

తండ్రి ఇంట్లోనూ అంతే. ఆయన పాపం మంచివాడే. మంచాలు కొత్తవి వేయించాడు, కిటికీకి జాలీ కొట్టించాడు. కానీ చిన్నది తుమ్మిందంటే, "అక్కా!" అని కేక. "అక్కా, దీనికి జ్వరమొస్తే ఏ సీసాలోది వెయ్యాలి?" ఎర్ర మూత సీసాలోదని, నిండా వెయ్యొద్దని, సగం చెంచానే అని ఆ పిల్ల పక్కగదిలోంచి అరిచి చెప్పింది. నేను నవ్వాను కూడా. ఇంటికొచ్చి నా నోటుబుక్కులో రాసుకున్నాను: ‘అక్కాచెల్లెళ్ల అనుబంధం అపురూపం. పెద్దపాప చెల్లెల్ని కళ్లలో పెట్టుకుని చూసుకుంటోంది.’

పద్దెనిమిదేళ్ల అనుభవం ఉండి, అక్కడే పప్పులో కాలేశాను.

మూడోసారి పిల్లల్ని నా ఆఫీసుకి రప్పించాను, ఒకరి తర్వాత ఒకర్ని. చిన్నది నా కుర్చీలో గిరగిరా తిరిగి, ఎక్కడ ఉండాలనుందంటే, "అక్క పక్కన," అంది. అమ్మ ఇంట్లోనా, నాన్న ఇంట్లోనా అంటే, "అక్క పక్కన అన్నానుగా!" అని నన్నే గదమాయించింది. నాలాంటిదే ఇది కూడా అనుకున్నాను.

ఊహ తెలిసిన పిల్లల్ని నేనెప్పుడూ సూటిగా అడగను. ఎవరు కావాలి అని వాళ్లను అడగడం అంత పాపం ఇంకోటి లేదు. కాగితం, పెన్సిలు ఇచ్చి, "నీకు నచ్చినట్టు ఓ ఇల్లు గీసిపెట్టమ్మా. ఎవరు ఎక్కడ పడుకుంటారో కూడా గీయి," అంటాను. గీస్తూ గీస్తూ వాళ్లే చెబుతారు.

పెద్దది గీసింది. చిన్న గది, ఒక మంచం, ఒక బల్ల, బల్ల మీద పుస్తకాలు. తలుపుకి గడియ కూడా గీసింది, లోపలివైపు.

"బాగుంది. ఇది ఎవరిల్లు?"

"ఎవరిదైనా పర్లేదు."

"అమ్మ ఎక్కడ పడుకుంటుంది?"

"పక్క గదిలో. అమ్మైనా, నాన్నైనా."

"మరి చెల్లి?"

పెన్సిలు ఆగింది. "చెల్లి ఇంకో ఇంట్లో."

నేను అర్థం కానట్టు చూశాను. అప్పుడు ఆ పిల్ల తలెత్తి, ఎన్నాళ్లుగానో అనుకుని పెట్టుకున్నదాన్లా గబగబా అనేసింది. "ఆంటీ, ఏ ఇల్లైనా సరే. అది లేని ఇల్లు ఇప్పించండి."

నా వాక్యం మీద నాకున్న మమకారమో ఏమో, ఒళ్లు మండింది. "ఛ, అదేం మాట? అది నీ చెల్లెలు! నువ్వు కాస్త కనబడకపోతే బెంగెట్టుకుంటుందే అది! ఇంత పెద్దపిల్లవి, అలా అనొచ్చా?"

ఆ పిల్ల ముఖం మాడిపోయింది. ఏడవలేదు. కాగితం వెనక్కి తీసుకుని, రబ్బరు అడిగి, మంచం పక్కన ఇంకో చిన్న మంచం గీసింది. "ఊరికే అన్నాను ఆంటీ. రాయకండి," అంది. వెళ్లేటప్పుడు తలుపు దగ్గర చెల్లెల్ని చంకనేసుకుని, నాకు థాంక్స్ కూడా చెప్పింది.

ఆ మధ్యాహ్నమంతా నాకు కుదురు లేదు. టైపిస్టుగారు నివేదిక తెచ్చి బల్ల మీద పెట్టారు. నీటుగా ఉంది. తోబుట్టువులను విడదీయరాదు, నాలుగో పేజీ. సంతకం పెట్టబోయి ఆగాను. జరిగింది ఆయనకు చెప్పాను. ఆయన నాకంటే పదేళ్లు పెద్ద, నా కోపానికి భయపడని మనుషుల్లో మొదటివాడు.

"మరి ఆ పిల్ల అన్నది మొదటి భాగంలో రాయాలిగా మేడం?"

"రాయొద్దంది."

"ఎందుకంది? మీరు కసిరారు కాబట్టి."

"నేను కసరలేదండీ, కాస్త గట్టిగా..."

"మీ గట్టి నాకు తెలుసు లెండి," అన్నారు. తర్వాత కళ్లజోడు తుడుచుకుంటూ, "అయినా నాకు తెలియక అడుగుతాను. చిన్నది అక్క పక్కనుండాలంటుంది. పెద్దది చెల్లి వద్దంటుంది. ఇద్దరి తరఫునా మీరొక్కరే. జడ్జిగారి ముందు నిలబడి ఏమని చెబుతారు?" అన్నారు.

నాకు తల కొట్టేసినట్టయింది. మా పనిలో అది మొదటి పాఠం. ఒక పిల్ల కోరేదీ ఇంకో పిల్ల కోరేదీ పొసగకపోతే ఒకే మనిషి ఇద్దరి తరఫునా మాట్లాడకూడదు. కానీ పిల్లలు కలిసుండాలని ముందే నిశ్చయించుకుని వెళ్లేవాళ్లకు ఆ పొసగకపోవడం కనబడదు. ఇంతకుముందు ఎన్ని కేసుల్లో ఎంతమంది పిల్లలు రబ్బరు అడిగి మంచం గీసి వెళ్లిపోయారో.

మర్నాడు బడికి వెళ్లాను. హెడ్మిస్ట్రెస్ అనుమతి తీసుకుని, మధ్యాహ్నం బెల్లప్పుడు ఆ పిల్లను లైబ్రరీ గదిలో కలిశాను. నన్ను చూడగానే లేచి నిలబడింది, బెత్తం పట్టుకున్న టీచరు వచ్చినట్టు.

"కూర్చో తల్లీ. నేను క్షమించమని అడగడానికొచ్చాను. నిన్న నువ్వు నిజం చెబితే నేను కోప్పడ్డాను. నా ఉద్యోగం నువ్వు చెప్పేది వినడం. వినకుండా తిట్టాను. తప్పు నాది."

పెద్దవాళ్లు అలా అంటారని దానికి తెలియదనుకుంటాను, అటూఇటూ చూసింది. చాలాసేపు బల్ల చెక్క గోటితో గీకింది.

"నాకు దానిమీద కోపం లేదాంటీ," అంది చివరికి. "విసుగొస్తుంది. అది నిజమే. హోంవర్కు చేసుకోనివ్వదు. కానీ అది కాదు."

"మరేంటి?"

"ఆ రోజు దాని యూనిఫాం నేనే ఇస్త్రీ చేశాను. మర్నాడు పరీక్ష. చదువుతూ నిద్రపోయాను. స్విచ్చి తీశాననే అనుకున్నాను. అది అరిస్తే లేచాను. నీళ్లు పోశాను. అమ్మకి ఫోన్ చేస్తే, అక్కా నువ్వేం చేస్తున్నావే అంది. నాన్న వచ్చి, అక్కా నువ్వుండి ఇదేంటమ్మా అన్నాడు."

ఇరవై పేజీల్లో ఈ ముక్క ఎక్కడా లేదు. ఒకరి తప్పు ఒకరి మీదకు నెట్టుకున్న ఆ ఇద్దరూ, మధ్యలో ఈ పిల్లకి ఎంత అంటగట్టారో చూసుకోనే లేదు.

"తప్పు నీది కాదమ్మా."

"అందరూ అలాగే అంటారు," అంది, ముసలమ్మలా. "కానీ ఆంటీ, నేనుంటే దాన్ని ఇంకెవరూ చూడరు. అమ్మ నన్ను చూసి డ్యూటీకెళ్లిపోతుంది. నాన్న నన్ను చూసి పనికెళ్లిపోతాడు. నేను లేకపోతే వాళ్లే చూస్తారు కదా? చూడాల్సొస్తుంది కదా? నాకు మళ్లీ నిద్రొస్తే ఎలా?"

నా నోటుబుక్కు మూసి పక్కన పెట్టాను.

తర్వాత ఉన్నదున్నట్టు చెప్పాను. తను చెప్పినది జడ్జిగారికి తెలియాలి, అమ్మానాన్నలకూ తెలుస్తుంది, దాచిపెడతానని నేను మాటివ్వలేను. ఆలోచించుకోవడానికి టైము తీసుకో అన్నాను. అది అంతసేపు ఆలోచించలేదు.

"చెప్పండి. కాగితం మీద మాత్రం వద్దు. దానికి చదవడం వచ్చేస్తోంది."

వాయిదా రోజు జడ్జిగారు గదిలోనే విచారణ పెట్టారు. వకీళ్లిద్దరూ, తల్లీ, తండ్రీ, నేను. పిల్లలు బయట వరండాలో బెంచీ మీద, మా టైపిస్టుగారి దగ్గర. జడ్జిగారు చెయ్యి చాచారు నివేదిక కోసం. ఇవ్వలేదు.

"సార్, నేనివాళ కాగితం తేలేదు. ఇద్దరు పిల్లల తరఫునా నేను మాట్లాడలేను. చిన్నపాపకు ఇంకొకర్ని వెయ్యండి. నేను పెద్దపాప తరఫున ఉంటాను," అన్నాను.

"ఎందుకమ్మా? ఇద్దరూ కలిసుండాలని మీరే కదా ఎప్పుడూ..."

"ఎప్పుడూ అన్నాను సార్. ఈ పిల్ల అలా అనడం లేదు."

చెప్పాను. నా మాటలేవీ కలపలేదు. అది లేని ఇల్లు అన్నదీ, విసుగన్నదీ, నేనుంటే ఇంకెవరూ చూడరు అన్నదీ, మళ్లీ నిద్రొస్తే ఎలా అన్నదీ. తల్లి కళ్లు పెద్దవి చేసుకుని నన్నే చూస్తోంది, నేనేదో కల్పించి చెబుతున్నట్టు. తండ్రి వకీలు ఏదో అనబోతే, "మీరుండండి, మీక్కూడా ఛాన్సొస్తుంది," అని నోరు మూయించాను.

జడ్జిగారు పెన్ను మూత పెట్టి అడిగారు. "ఓ రెండు నెలలు చూద్దాం. చిన్నపాప ఒకరి దగ్గరుంటే పెద్దపాప రెండోవాళ్ల దగ్గర. వారం వారం మార్చుకోండి. మొదట చిన్నపాపను ఎవరు తీసుకెళ్తారు?"

తల్లి నోటివెంట మాట దానంతటదే వచ్చింది. "పెద్దది లేకుండా చిన్నదాన్ని నేనెలా చూసుకోనండీ?"

అదే క్షణంలో తండ్రి, "చిన్నదొక్కతే అంటే నావల్ల కాదు సార్, పెద్దది ఉంటే..." అని ఆగిపోయాడు.

ఇద్దరూ ఒకరి మాట ఒకరు విన్నారు. ఎనిమిది నెలలుగా ఒక్క విషయంలోనూ కలవని మనుషులు. తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తండ్రి తన బూట్ల వంక చూసుకున్నాడు. వకీళ్లు ఫైళ్లు తిరగేస్తున్నారు, అందులో ఏదో ఉన్నట్టు. నాకు జాలీ కోపమూ రెండూ ఒకేసారి వచ్చాయి.

తల్లే ముందు తేరుకుంది. "నేను తీసుకెళ్తాను," అంది నేల చూపులతో. "పగటి షిఫ్టు అడుగుతాను. ఇవ్వకపోతే... ఎలాగోలా చూస్తాను. చిన్నదాన్ని నేను తీసుకెళ్తాను."

ఉత్తర్వు రాశారు. ఆదివారాలు పిల్లలిద్దరూ కలిసి గడపాలి, పెద్దవాళ్లలో ఒకరు దగ్గరుండాలి. పెద్దవాళ్లు లేకుండా చిన్నపాపను పెద్దపాప మీద వదలకూడదు. చిన్నపాపకు కొత్త ప్రతినిధి. తల్లిదండ్రులు తమ పనివేళలు కోర్టుకు రాసివ్వాలి. విడదీయరాదని పద్దెనిమిదేళ్లు పోట్లాడినదాన్ని, విడదీసిన కాగితం పట్టుకుని బయటికొచ్చాను. అది సరైనదని నాకిప్పటికీ రూఢిగా తెలియదు. ఆ పిల్ల తరఫున మాత్రం అదే అడగాలి, అడిగాను.

వరండాలో పెద్దది లేచి వచ్చింది. "చెప్పారా?"

"చెప్పాను. ఈ వారం నువ్వు నాన్నతో, చెల్లి అమ్మతో."

తలూపింది. సంతోషం లేదు, బాధా లేదు, ముఖం తెల్లగా పాలిపోయింది. వెంటనే, "దానికి నేను చెప్తానాంటీ. ఎలా చెప్పాలో నాకు తెలుసు," అని కదిలింది.

నేను చెయ్యి పట్టుకుని ఆపాను. "అది నువ్వు చెప్పేది కాదు. మీ అమ్మ చెబుతుంది."

తల్లి చిన్నదాని ముందు గొంతుక్కూర్చుంది. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. "అమ్మలూ, ఈ వారం మనమిద్దరమే... అక్క నాన్నతో... ఆదివారం వస్తుంది..." అని ముక్కలు ముక్కలుగా చెప్పింది. చిన్నది నమ్మలేదు. మెడ సాచి, తల్లి భుజం మీదుగా అక్క వంక చూసింది, ఈవిడేదో అంటోంది, నిజమేనా అన్నట్టు. పెద్దది బెంచీ మీద కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టేసుకుంది.

అప్పుడు మొదలైంది ఏడుపు. కోర్టంతా దద్దరిల్లింది. తల్లి ఎత్తుకోబోతే కాళ్లతో తన్నింది. చెప్పు ఒకటి ఎగిరి ఎవరి మీదో పడింది. తల్లి అలవాటుగా తలెత్తి పెద్దదాని వైపు చూసింది, నోరు కూడా తెరిచింది. పిలవలేదు. పిల్లని అలాగే, తన్నుతుంటే తన్నుతుండగానే, భుజాన వేసుకుని వరండా చివరికి నడిచింది. మెట్ల వైపు తిరిగింది. ఇక ఇద్దరూ కనబడలేదు గానీ ఏడుపు వినబడుతూనే ఉంది.

నేను పెద్దదాని పక్కన కూర్చున్నాను. తండ్రి కాస్త దూరంలో ఆ పిల్ల బ్యాగు పట్టుకుని, ఎటు నిలబడాలో తెలియనట్టు నిలబడ్డాడు.

"నీళ్లు తాగించాలి. అలా ఏడిస్తే వాంతి చేసుకుంటుంది," అంది పిల్ల.

"మీ అమ్మ చూస్తుంది."

"పాట పాడితే ఆగుతుంది. అమ్మకి ఆ పాట మొత్తం రాదు. నేను వెళ్లనా?" అంది.

"నీ ఇష్టం తల్లీ. వెళ్లాలనుంటే ఎవరూ ఆపరు."

వెళ్లలేదు. చేతులు తొడల కిందే ఉన్నాయి. మెట్ల వైపు చెవులు రిక్కించి కూర్చుంది. ఏడుపు పెరిగింది, తగ్గింది, మళ్లీ పెరిగింది. పావుగంటో, ఇరవై నిమిషాలో. నా జన్మలో అంత పొడుగు ఇరవై నిమిషాలు చూడలేదు. తర్వాత వెక్కిళ్లు. తర్వాత అవీ లేవు.

పిల్ల నా వైపు తిరిగింది.

"ఊరుకుంది," అంది. "నేను లేకుండానే ఊరుకుందాంటీ."

అని, అప్పుడు ఏడ్చింది. అమ్మానాన్నలిద్దరి బాధ్యతా మోసిన పిల్ల, నోరంతా తెరిచి, చంటిదానిలా ఏడ్చింది. తండ్రి బ్యాగు కింద పెట్టి రెండడుగులు వేసి ఆగాడు, నన్ను చూశాడు. నేను లేచి ఆయనకు చోటిచ్చాను.